ఇత్తనం ముట్టే చెయ్యి

అగో, మల్ల కండ్లు మూస్కుంటానవ్! తెరువత్తా, తెరువు. నీ మంచం ఇంట్ల నుంచి ఈ పెరట్లకు గుంజేటాల్లకు నా నడుము ఇరిగినంత పనైంది. నీకు ఎండ తగలాలెనని గుంజిన్ననుకుంటానవా? ఎండ మంచిదని డాక్టరు చెప్పిండు, నిజమే. కని నేను గుంజింది అందుకు గాదు. నువ్వు చూడాలె. ఈ సారలమ్మ ఇత్తనం పెడ్తాంటె నీ రెండు కండ్లతోని నువ్వు చూడాలె.

ఏందా మూలుగుడు? ఇత్తనం గంప ముట్టిన్ననా? ముట్టిన. ఇగో, రెండు చేతులు పెట్టి ముట్టిన. ఏం జేస్తవ్? లేసొచ్చి గుంజుకుంటవా? గుంజుకో మరి!

కాలు చెయ్యి పడిపోయినా నీ చూపుల పొగరు మాత్రం పోలే. నోరు పోయింది గని లేకపోతె ఈపాటికి వాడకట్టంత ఇనబడేటట్టు ఒర్రేదానివి.

ఎనిమిదేండ్లాయె నేను ఈ ఇంటికొచ్చి. ఎనిమిదేండ్లల్ల ఏనాడన్న నన్ను మొలిచే ఇత్తనం ముట్టనిచ్చినవా? బెండ ఇత్తులు వద్దు, సోర ఇత్తులు వద్దు, కడకు గుప్పెడు ధనియాలు చల్లి కొత్తిమీర పెడ్తనంటె అది గూడ వద్దంటివి. పిల్లల తల్లే ఇత్తనం ముట్టాలె. ఒట్టి కడుపుదాని చెయ్యి తాకితె మన్ను గూడ గొడ్డుబోతది. అంతేనాయె నీ మాట!

పేడ మోసేటప్పుడు నా చెయ్యి మంచిదే. మన్ను తవ్వేటప్పుడు మంచిదే. బాయిల నుంచి నీళ్ళు చేది పోసేటప్పుడు గూడ మంచిదే. ఇత్తనం ఏసే గడియ రాంగనే, 'సారలమ్మా, జర లోపటికి పో బిడ్డా' అంటివి. బిడ్డా అని గూడ అంటివి చూడు, గా మాటకే నా కడుపు ఎక్కువ మండేది.

నేను లోపటికి పోయి కిటికీల నుంచి చూసేదాన్ని. నువ్వు కొంగు బొడ్ల చెక్కుకొని, పారకు పసుపు కుంకుమ పెట్టి, ఒక్కొక్క ఆలుగడ్డ ముక్క మన్నుల పెడ్తాంటె... నిజం చెప్పాల్నా? ముద్దుగనే ఉండేది చూసేతందుకు. నాకూ గట్ల పెట్టాలనిపించేది. గంతే గదా నేను అడిగింది. నీ నగలు అడిగిన్ననా, నీ ఇల్లు అడిగిన్ననా?

పోనియ్. ఇగ చూడు, గడ్డలు ఏరుతాన.

ఇవి యాడియో ఎరుకేనా? నీకు దవాఖానల సూదులేసిన లిదియా సిస్టర్ ఇచ్చింది. గా కండ్లద్దాలామె, పొద్దుగాల వచ్చి నీ మంచంకాడ ప్రార్థన చేసేదాయె, ఆమె. వాళ్ళ క్వార్టర్ ఎనుక ఇంత జాగల ఏటేటా ఆలుగడ్డ పెడ్తదట. ఇత్తనానికని అటక మీద దాసుకున్నదాంట్ల నుంచి నాకు ఓ సంచెడు తీసి ఇచ్చింది. 'నువ్వు పెట్టు సారలమ్మా, దేవుడు మొలిపిస్తడు' అన్నది. నీ చెయ్యి ఎట్లాంటిది, నీ కడుపు ఎట్లాంటిది అని అడగలే. చేతిల పెట్టింది, పోయింది.

ఈ పెద్ద గడ్డ చూడు. నున్నగ, నిగనిగలాడుతాంది. ఒక్క ముడత లేదు. పెట్టాల్నా ఇది? ఆఁ? రెప్ప కొట్టినవ్. పెట్టుమనేనా? అయితె పెట్టను! నువ్వు పెట్టుమన్నదాన్ని నేను పెడ్తనా? ఇది కూరకు.

ఇగ ఇది. కోడిగుడ్డంత ఉన్నది, తోలు ముడుతలు పడ్డది, ముసలిదాని లెక్క. కండ్లల్ల నుంచి మొలకలు పొట్టిగ, లావుగ, ఊదా రంగుల వచ్చినయ్. అబ్బ! మొఖం అటు తిప్పుకున్నవేందత్తా? అంటె ఇదే మంచి ఇత్తనమన్నట్టు! లిదియా సిస్టర్ గూడ గిట్లాంటియే ఏరమన్నది. తెల్లగ పొడుగ్గ సాగిన మొలకలు వద్దు, పొట్టి మొలకలే బలం అన్నది.

హుఁ! తలుపులేసుకొని ఏరుకునేదానివి. 'ఎట్ల ఏరుతవ్ సోమక్కా' అని ఎవలన్న అడిగితె నవ్వి ఊకునేదానివి. ఈ హసన్‌పర్తిల ఇంటి పెరట్ల ఆలుగడ్డ పండిచ్చేది నువ్వొక్కదానివేనని ఎంత మురుసుడు! ఇన్నేండ్లు నోట్లె దాసుకున్నదంత ఇయ్యాల నీ మొఖమే చెప్తాంది నాకు. ఇది మెత్తవడ్డది, పక్కకు. ఇదీ పక్కకే, తోలు మీద నల్ల మచ్చ ఉన్నది. ఇది? రెప్ప గూడ కొడ్తలేవు. అంటె మంచిదే.

కత్తిపీట తెచ్చుకున్న. ముక్కకు రెండు కండ్లన్న ఉండాలె. గిట్ల నిలువుగ కోస్తె రెండు దిక్కులా మొలకలుంటయ్. కోసిన దిక్కు పొయ్యి బూడిద అద్దాలె, లేకుంటె తడి మన్నుల కుల్లుతది. అద్దినంక నీడకు గోనెపట్ట మీద ఆరబెట్టాలె. చూస్తానవా, ఎంత మంచిగ కోస్తాన్నో?

పోయినేడు నువ్వు నన్ను కొయ్యనియ్యలే. యాదికున్నదా?

యాదికుంటది. ఎట్ల మర్చిపోతవ్?

పోయినేడు దసర పండుగ ఎల్లినంక నీ కొడుకు నీ కాళ్ళకాడ కూసొని బతిలాడిండు. 'అమ్మా, ఒక్క మడి సారలమ్మను పెట్టనియ్యరాదే, మనసు పడ్తాంది' అని. నేను తలుపు చాటుకు ఊపిరి బిగవట్టి నిలవడ్డ. నువ్వు తిడ్తవనుకున్న. తిట్టలే. 'సరే తియ్ రాయమల్లూ, పెట్టుకోనియ్' అంటివి. గంత అలకగ ఎట్ల ఒప్పుకున్నదా ఈమె అని నాకు ఆశ్చర్యమాయె. తెలివి తక్కువదాన్ని. గప్పుడే అనుమానం రావాలె నాకు.

మర్నాడు నా చేతిల చిన్న గడ్డల సంచి పెట్టినవ్. 'కొయ్యకు బిడ్డా, నీకు అలవాటు లేదు, కోస్తె చెడగొడ్తవ్. నిండు గడ్డలే పెట్టు, మన్ను తియ్యకు, గెలకకు, వాటంతట అవే వస్తయ్' అంటివి. నాకు ఎంత సంబురమైందో తెలుసా? నీ కాళ్ళు మొక్కిన. నిజంగనే మొక్కిన. నీ కాళ్ళు మొక్కి, పారకు బొట్టు పెట్టి, నా మడి నేను పెట్టుకున్న.

పక్కపక్కన రెండు మడులు. గా జామ చెట్టు దిక్కు నీది, ఈ గోడ దిక్కు నాది. ఒక్కటే మన్ను, ఒక్కటే పేడ, ఒక్కటే బాయి నీళ్ళు. నీ మడిల ఆకు పచ్చగ, గుబురుగ లేసింది. నా మడి ఒట్టిగ పడి ఉన్నది. పొద్దున లేసి మొఖం గూడ కడగకుంట ఉరికొచ్చి చూసేదాన్ని. ఇయ్యాల రాలే, రేపొస్తది. రేపు రాలే, ఎల్లుండొస్తది. ఒక్క పగులన్న రావాలె గదా మన్నుల! రాలే.

వాడకట్టు ఆడోళ్ళంత సర్కసుకు వచ్చినట్టు వచ్చి చూసిపోయిన్లు. నువ్వే పిలిచినవ్ వాళ్ళను. గా గద్దెకాడ కూసొని, తాంబూలం ఏసుకుంట, 'దాని తప్పేమున్నది పాపం, దాని చెయ్యి గట్లున్నది' అంటివి. తిట్టినా బాగుండేది. పాపం అని గూడ అంటివి.

నేను నమ్మిన అత్తా.

గదే నాకు ఎక్కువ కోపం. నేను నమ్మిన. నువ్వు ఏడేండ్లు చెప్పినా నమ్మనిదాన్ని, గా ఒట్టి మడి చూసి నమ్మిన. పిల్లలు కాకపోతె దేవుడు ఇయ్యలే అనుకున్న. గడ్డ మొలవకపోతె ఎవలననాలె? నా చెయ్యే పాడుదనుకున్న. తులసి చెట్టుకు నీళ్ళు పొయ్యుడు బంద్ చేసిన. బర్రె ఈనినప్పుడు దూడను ముట్టలే.

మా చెల్లె బిడ్డకు తొట్టెల ఏసిన్లు గదా ఎండకాలంల? మా చెల్లె పిల్లను తెచ్చి నా ఒడిల పెట్టబోయింది. నేను రెండు చేతులు కొంగు కింద దాసుకున్న. సర్ది అయిందే, పిల్లకు అంటుకుంటది అని అబద్ధమాడిన. 'అక్కా, ఒక్కసారి ఎత్తుకోరాదే' అని అది బతిలాడితె బయటికి ఉరికొచ్చిన. మా చెల్లె ఇప్పటికీ అనుకుంటది, దానికి బిడ్డ పుట్టిందని నాకు కుళ్ళు అని. నా సొంత చెల్లె!

ఆగు, ముక్కలు ఆరినయేమో చూస్త. ఇంకా ఆరాలె. గంతల సాలు కొడ్త.

మెల్లగ దిగుతాంది పార. పోయిన వారం నుంచి తవ్వి, మాగిన పేడ కలిపి పొతం చేసిన. మెత్తగ పిండి లెక్క ఉన్నది మన్ను. సాలు బెత్తెడు లోతుంటె చాలు.

ఇగ ఇంకోటి యాదికొచ్చె. ఆఁ, నీ తమ్ముడు. రఘునాథపల్లి నుంచి పోశయ్య మామ రానే వచ్చె, నా మడి ఒట్టిగ పోయిన ముచ్చట ఇనంగనే. నా ముంగటనే కూసొని, నా చేతి బువ్వ తినుకుంట, 'రాయమల్లుకు మా చిలుకమ్మను చేస్కోండ్రి, ఇంటికి ఓ దీపం ఉంటది' అనె. నీ తమ్ముని బిడ్డ, నీ పుట్టింటి రక్తం. నీకు గావల్సింది గదే. ఆ ముచ్చటను ఏడాది పొడుగూత నలిపినవ్.

నీ కొడుకు ఏమన్నడు? ఎనుమాముల మార్కెట్ల పెద్ద పెద్ద సేట్లతోని కాంటాకాడ కొట్లాడుతడట, క్వింటాలుకు చిటికెడు తేడా రానియ్యడట. ఇంట్లకొస్తె నోట్లె నాలుక ఉండదు. చెప్పుల దిక్కు చూసుకుంట, 'అమ్మ ఎట్లంటె అట్ల' అనె.

అప్పుడు నువ్వు పెద్దరికం చేసినవ్. 'తొందరెందుకు? ఈయేడు ఇంకోసారి పెట్టనియ్యుండ్రి. మొలిస్తె నేనీ మాట ఎత్తను. మొలవకపోతె శివరాత్రి ఎల్లంగనే చిలుకమ్మకు పుస్తె కడ్తడు నా కొడుకు' అంటివి. అందరు నా దిక్కు చూసిన్లు. నేను సరే అన్న. ఎందుకన్ననో ఎరుకేనా? మన్ను రెండోసారి గూడ గంత అన్యాలం చెయ్యది అనుకున్న. అన్యాలం చేసేది మన్ను గాదు, మా అత్త అని నాకేమెరుక?

చూడు, చూడు. ఇప్పుడు కండ్లు మూస్తె ఊకోను. అసలు ముచ్చట ఇప్పుడే.

నువ్వు పడిపోయిన రోజు పొద్దుగాల నన్ను బోరింగుకాడికి నీళ్ళకు తోలినవ్. ఇంట్ల రెండు బిందెలు నిండుగుండంగ తోలినవ్. నేను పోయిన. బోరింగు చెయ్యి ఇరిగి పడి ఉన్నది. ఉత్త బిందెలు పట్టుకొని ఎనుకకు మర్లిన. గా బోరింగు ఇరగకపోతె, నేను లైనుల నిలవడి గంటకు వస్తె, నాకు ఈ జన్మల తెల్వకపోవు.

వచ్చి చూస్తె నువ్వు గీడనే, తానం నీళ్ళ కాగుకాడ పడి ఉన్నవ్. మూతి ఒక దిక్కు వంకర పోయింది. కుడి చెయ్యి ఒంటి కింద మడతవడి ఉన్నది. ఎడమ చేతిల కట్టె, కట్టె కొసకు దారం. దారం కాగులకు పోయింది. కాగుల నీళ్ళు సలసల తెర్లుతానయ్.

నేను ముందుగాల నీ దిక్కే ఉరికిన, దేవునితోడు. నిన్ను మంటకాడి నుంచి పక్కకు గుంజిన. గుంజినంక దారం పట్టి లాగితె, కాగుల నుంచి నా సంచి ఎల్లింది. నా పచ్చ చీర చింపి నేను కుట్టుకున్న సంచి. ఈయేడు ఇత్తనానికని నీ కొడుకు తెచ్చిన గడ్డలు దాంట్లనే గదా పోసి పెట్టుకున్న! సంచి ఇప్పితె ఆవిరి. ఒక్క గడ్డ చేతిల పట్టుకుంటె కాలింది. తోలు పగల్లే, పైకి ఏం తెల్వది. గోరు పెట్టి గిచ్చితె లోపట సగం ఉడికింది.

ఉడికిన పసుపు కొమ్ము మొలవదని మనకు ఎవలన్న చెప్పాల్నా అత్తా? మా అమ్మగారింట్ల నేను పసుపు వండే కాగులకాడ ఆడుకొని పెరిగిన. అమ్మేదాన్ని వండుతరు, ఇత్తనం పచ్చిగనే దాస్తరు. వండినదాన్ని తీస్కపోయి బంగారం అసొంటి మన్నుల పెట్టినా అది మొలవది. మా ఇంట్ల చిన్నపిల్లను అడిగినా చెప్తది. నువ్వూ పసుపు పండిచ్చే ఇంట్లనే పుట్టినవ్. గా తెలివి తీస్కచ్చి నా ఆలుగడ్డల మీద పెట్టినవ్.

గప్పుడు పోయినేటిదంత ఒక్కసారి కండ్ల ముంగట తిరిగింది. చిన్న గడ్డలు ఎందుకిచ్చినవ్! కొయ్యకు బిడ్డా అని ఎందుకన్నవ్! కోస్తె లోపట ఉడికింది తెలుస్తది. మన్ను గెలకొద్దని ఎందుకన్నవ్! గెలికితె కుల్లిన ముద్ద చేతికొస్తది. నేను నీ కాళ్ళు మొక్కుతాంటె నీకు నవ్వొచ్చిందా అత్తా? ఏమనిపిచ్చింది నీకు? నాకు గది తెల్వాలె. గిప్పుడు నువ్వు చెప్పలేవు, గది నా కర్మ.

నేను ఒర్రిన, వాడకట్టోళ్ళు ఉరికొచ్చేటాల్లకు గా సంచిని బర్రె తొట్లె గుమ్మరించిన. ఎందుకు దాసినవే అంటవా? చూపెడితె ఎవలు నమ్ముతరు? ముసలామె మంచాన పడంగనే కోడలు కథలు చెప్తాంది అంటరు. నేనే ఉడకబెట్టి నీ మీద పెడ్తాన్ననంటరు. నేనే నిన్ను నూకిన్ననని గూడ అంటరు. నీ నోటికున్న ఇలువ నా నోటికి ఎన్నడున్నది?

అయినా ఉండబట్టలేక దవాఖాన వరండల నీ కొడుకుకు చెప్పిన. 'అమ్మ నా ఇత్తనం ఉడకబెడుతాంటె పడిపోయింది' అన్న. ఆయన నా దిక్కు చూసిన చూపు ఎట్లున్నదనుకున్నవ్? 'మా అమ్మ చావు బతుకులల్ల ఉంటె నీకు ఆలుగడ్డల ఫికరా? మనిషివేనా నువ్వు?' అన్నడు. ఇగ నేను ఎవ్వలకు చెప్పలే.

పోశయ్య మామ దవాఖానకొచ్చి మల్ల యాది చేసిండు. 'మా అక్క మాట ఇచ్చింది, మాట మాటే. ఇప్పుడింక అక్కను చూస్కునేతందుకు గూడ చిలుకమ్మ కావాలె' అన్నడు. మడి మొలిస్తె ఊకుంటడట. మొలవకపోతె శివరాత్రి. ఇనబడుతాందా? నువ్వు మంచంల పడ్డా నీ మాట మాత్రం కాళ్ళ మీద తిరుగుతాంది.

ముక్కలు ఆరినయ్.

ఇయ్యాల పొద్దుగాల డ్యూటీకి పోవుకుంట నీ కొడుకు ఏమన్నడో ఇన్నవ్ గదా? నీ మంచం పక్కనే నిలవడి అన్నడు. 'సారలమ్మా, ఒక్కొక్క ముక్క అమ్మ చేతికి తాకిచ్చి పెట్టు. అమ్మ చెయ్యి మంచి చెయ్యి. తాకిస్తె తప్పకుంట మొలుస్తది' అని. నా మేలు కోరే అన్నడు పాపం. నీ పడిపోయిన చెయ్యి, ఈగ వాలితె కొట్టుకోరాని చెయ్యి, గది మంచి చెయ్యట! దవాఖాన కాడి నుంచి నీ గుడ్డలు ఉతికే చెయ్యి, నీ నెత్తి దువ్వే చెయ్యి పాడు చెయ్యట!

మొలిస్తె నీ చెయ్యి, మొలవకపోతె నా చెయ్యి. ఎటు తిప్పినా నువ్వే గెలిచినవ్. శాబాషత్తా!

నేను తాకియ్యను. చూడు, మొదటి ముక్క. మొలకలు మీదికి, కోసిన దిక్కు కిందికి. పెట్టిన. జానెడు జాగిడిచి ఇంకోటి. పెట్టిన.

అరె, పెట్టిన ముక్కను మల్ల ఎందుకు తీసి చూస్తాన్న?

నువ్వు ఏం జేసినవో నా కండ్లతోని చూసిన. నా తప్పు లేదని తెలుసు. తెల్సి గూడ భయమైతాంది అత్తా.  నువ్వు ఉడకబెట్టకున్నా మొలవకపోతుండెనేమో అని ఏడనో ఓ మూలకు కొడ్తాంది. గంత లోపటికి దింపినవ్ నువ్వు, పీకినా ఎల్లకుంట.

ఏంది? ఎడమ చెయ్యి ఎందుకు చాపుతానవ్? ముక్క కావాల్నా? తాకుతవా? ఇప్పుడు తాకి మంచిదానివైతవా? వద్దు, తియ్ చెయ్యి. దించు. నీ చెయ్యి తాకొద్దు దీనికి.

ఏడుస్తానవా?

పచ్చవాతం వచ్చినోళ్ళకు ఊకెనే కండ్లల్ల నీళ్ళు కారుతయని, దానికి అర్థం ఉండదని డాక్టరు చెప్పిండు. నువ్వు ఏడుస్తానవో, ఉత్తగనే కారుతానయో నేనెట్ల తెలుసుకోవాలె? తుడుస్త గని కరగను. తుడవకుంటె ఈగలు ముసురుతయ్, అందుకు తుడుస్తాన.

ఇగ ఈ సాలు అయిపాయె. ఇంకో సాలు. పెట్టినదాన్ని మల్ల తీసి చూస్తలే ఇప్పుడు.

లిదియా సిస్టర్‌ను అడిగిన, 'మా అత్తకు మాట ఎప్పుడొస్తది సిస్టర్' అని. రోజూ అడిగిన. కొంతమందికి రెండు మూడు నెలలకు ఒకటో రెండో మాటలు వస్తయన్నది. నాలుక కింద నూనె రుద్దాలె, మాటలు పలికిచ్చాలె, పొద్దున మాపు కూసోబెట్టాలె అన్నది. అన్నీ చేస్తాన గదా? 'ఎంత ప్రేమ నీకు అత్త అంటె' అని ఆమె కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది. ప్రేమట! వాడకట్టోళ్ళు గూడ అంటాన్లు, సారలమ్మ అసొంటి కోడలు ఎవలకు దొరుకుతదని. ఇన్నప్పుడల్ల నాకు నవ్వొస్తది.

అయిపాయె. నీళ్ళు జల్లిన, ఎక్కువ పొయ్యలే. చూసినవ్ గదా మొత్తం? మొలకలు మీదికి పెట్టిన్నా లేదా? బూడిద అద్దిన్నా లేదా? ఉడికింది ఒక్కటన్న ఉన్నదా దాంట్ల?

ఇది మొలుస్తదత్తా. మొలిచిన నాడు నీ కొడుకు వచ్చి నీ చెయ్యి కండ్లకద్దుకుంటడు, మా అమ్మ తాకింది అందుకే మొలిచింది అని. నేను తాకియ్యలే అంటె నమ్ముతడా? ఉడకబెట్టిందంటెనే నమ్మలే. చిలుకమ్మ ముచ్చట ఇప్పటికి ఆగుతదేమో. మల్ల వచ్చే ఏడుకు ఇంకేదో పుడ్తది. ఈ చేతులు మాత్రం గట్లనే ఉంటయ్, కొంగు కింద.

నా చెయ్యి మంచిదని ఈ దునియల తెల్సినదానివి నువ్వొక్కదానివే. తెల్సి తెల్సి దాన్ని చంపినదానివి గూడ నువ్వే. ఎవ్వలు చెప్పినా ఈ వాడకట్టు నమ్మది, నువ్వు చెప్తెనే నమ్ముతది. రెండు మాటలు చాలు. 'నేనే ఉడకబెట్టిన.' గంతే. శివరాత్రికి నీ తమ్ముడు వస్తడు, నీ కొడుకు ఉంటడు. అందరి ముంగట అనాలె. ఇయ్యాల్టి సంది అమ్మా అయ్యా అని పలికిచ్చుడు బంద్. గీ మాటే పలికిస్త. అను. నేనే. నే... మూతి తిప్పకు, అను.

రాదా? సరే, రేపనుకుందాం. జొన్న జావ తెచ్చిన, సల్లారింది. నోరు తెరువు. ఉమ్మితె గదుమ పట్టుకొని పోస్త, ముందే చెప్తాన. నీ మీద నాకు ప్రేమా పాయిరం లేదత్తా, చిటికెడు గూడ లేదు. కని నువ్వు చావొద్దు. నువ్వు గా మాట అనకుంట పోతె ఊరంత నీకు ఏడుస్తది, నేను మాత్రం నా చేతులకు ఏడ్వాలె.

మింగు.